ఓడలన్నీ జెట్టీలోనే ఉన్నాయి కదా, మరి విశాఖలోని నేవీ ఎయిర్ బేస్ ఐఎన్ఎస్ డేగాలో పైలట్లకి రోజంతా పనేటి?

ఎన్ఏడీ_బండోడు
వారం రోజులై చూస్తన్నాను. ఓడలన్నీ జెట్టీకి కట్టేసే ఉన్నాయట, ఏ ఎక్సర్‌సైజూ లేదట. అయినా పొద్దున్న మొదలెడితే రాత్రి తొమ్మిది దాకా నెత్తి మీద ఒకటే రొద. ఓ హెలికాప్టరేమో ఎయిర్‌పోర్టు మీద ఒక్క చోటే అలా నిలబడిపోతాది. ఓ చిన్న జెట్టు దిగినట్టే దిగి, చక్రాలు తగిలీ తగలగానే మళ్లీ లెగిసిపోతాది. అదే పని మళ్లీ మళ్లీ. ఇటు మనం ఫ్లైటు టైములు చూస్తే "నేవీ స్లాటు" అని ఖాళీ ఉండదు. ఓడ కదలనప్పుడు ఈ పైలట్లకి పనేటండీ? తెలిసినోళ్లు చెప్పండి. దేశభక్తి ఉపన్యాసాలు మాత్రం వద్దు బాబూ.

షీలానగర్99
+1. ఫోన్‌లో అవతలివాళ్లు "ఏంటి మిల్లులో ఉన్నారా" అని అడుగుతున్నారు.

కామోవ్_కాక
ఉపన్యాసం లేదు, లెక్క చెబుతాను. నువ్వు చూసేవాళ్లు రెండు రకాలు.

ఒకటి, కుర్రాళ్లు. దిగి లేచే ఆ చిన్న జెట్టు హాక్, ట్రైనింగు విమానం. ఫైటర్లకి వెళ్లబోయేవాళ్ల బేసిక్ హాక్ కన్వర్షన్ కోర్సు ఇప్పుడు డేగాలోనే నడుస్తోంది. నేవీలో ఫైటర్ వైపు వెళ్లిన మొదటి మహిళ సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియాకి 2025 జూలై 3న వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) పెట్టింది కూడా ఇక్కడే. వీళ్లకి ఓడతో సంబంధం లేదు, ఓడ ఎక్కడున్నా క్లాసు నడవాల్సిందే. చక్రాలు తగిలీ తగలగానే లేవడాన్ని రోలర్ అంటారు. పూర్తిగా ఆపి, ట్యాక్సీ చేసి, మళ్లీ లైన్లోకి వచ్చి ఎగిరితే గంటలో రెండు మూడు ల్యాండింగులే వస్తాయి. రోలర్లయితే అదే ఇంధనంతో దానికి ఎన్నో రెట్లు.

రెండు, ఓడ మీద నుంచి వచ్చినవాళ్లు. డిస్ట్రాయరో ఫ్రిగేటో బయల్దేరేటప్పుడు దాంతో ఒక "ఫ్లైట్" వెళ్తుంది. అంటే హెలికాప్టరు, పైలట్లు, అబ్జర్వరు, టెక్నికల్ సెయిలర్లు. ఓడ తిరిగి వస్తున్నప్పుడు హార్బర్‌లోకి రాకముందే హెలికాప్టరు ఎగిరి డేగాకి వచ్చేస్తుంది. కామోవ్-28 హెలికాప్టరయితే ఐఎన్ఏఎస్ 333 అనే నేవీ స్క్వాడ్రన్‌కి, ఏఎల్‌హెచ్ మార్క్-3 హెలికాప్టరయితే 2022 జూలై 4న ఇక్కడ మొదలైన ఐఎన్ఏఎస్ 324కి. ఓడ జెట్టీలో ఉందంటే ఆ హెలికాప్టర్లన్నీ నీ నెత్తి మీదే ఉన్నట్టు. అందుకే ఓడలు ఇంటికొస్తే నీకు రొద పెరుగుతుంది, తగ్గదు.

గాజువాక_గూగుల్
కాకా, మరి వాళ్లు సముద్రం మీద నెలల తరబడి ఎగిరే వచ్చారు కదా. ఇంటికొచ్చాక మళ్లీ ప్రాక్టీసు దేనికి? డ్రైవింగ్ మర్చిపోతామా మనం?

కామోవ్_కాక
డ్రైవింగ్‌కి గడువుండదు, దీనికి ఉంటుంది. పగలు ల్యాండింగ్, రాత్రి ల్యాండింగ్, పరికరాలు మాత్రమే చూసి దిగడం, ఓడ డెక్ మీద పగలు దిగడం, రాత్రి దిగడం, ఇంజిన్ ఫెయిలైనట్టు చేసి దిగడం... దేని ఖాతా దానిదే. ఇన్ని రోజుల్లో ఇన్ని చేయకపోతే ఆ ఒక్క పనికి అర్హత పోతుంది. దాన్నే కరెన్సీ అంటారు. పోయిందంటే ఊరికే మళ్లీ మొదలెట్టడానికి లేదు. ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష ఇవ్వాలి. డెక్ మీద రాత్రి కరెన్సీ పోతే ముందు పగలు దిగి చూపించాలి, ఆ తర్వాతే రాత్రి.

ఇక్కడే చిక్కు. ఓడ రిఫిట్‌కి (పెద్ద మరమ్మతుకి) వెళ్లిందనుకో, డెక్కే లేదు. డెక్ ఖాతాలన్నీ ఒక్కొక్కటీ గడువు దాటిపోతాయి. మిగతావైనా నిలబెట్టుకోవడానికే ఇక్కడ తిరుగుడు.

ఎన్ఏడీ_బండోడు
అయితే తొమ్మిది దాకా ఎందుకు? ఏడుకి ఆపేస్తే ఏం పోతాది?

తోకరెక్క
వేసవిలో మన దగ్గర పొద్దు గుంకేదే ఆరున్నరకి. ఇంకో అరగంట దాటితే గానీ "రాత్రి" అని రాసుకునేంత చీకటి పడదు. ఏడుకి మొదలై ఇద్దరు ముగ్గురు క్రూలు వంతులవారీగా తిరిగితే తొమ్మిది అవుతుంది. డిసెంబర్‌లో గమనించండి, ఓ గంట ముందే సద్దుమణుగుతుంది.

వర్జీనియాబీచ్_తెలుగు
బండోడు గారూ, మీరింకా అదృష్టవంతులు. మా వైపు, అమెరికాలో, నేవీవాళ్ల ఓషియానా బేస్ ఉంది, ఎఫ్-18 ఫైటర్లు. పక్కన చెసాపీక్‌లో ఫెంట్రెస్ అని ఖాళీ రన్‌వే. క్యారియర్ (విమానాలు మోసే ఓడ) బయల్దేరే ముందు ఆ రన్‌వే మీదే క్యారియర్ డెక్ కొలతకి లైట్లు వేసి, నాలుగైదు జెట్లు ఒకదాని వెనక ఒకటి 600 అడుగుల ఎత్తులో గుండ్రంగా తిరుగుతూ దిగి లేస్తుంటాయి. దాన్ని వాళ్లు బౌన్స్ అంటారు. రన్‌వే పక్కన ఎల్ఎస్ఓలు (ల్యాండింగ్ సిగ్నల్ ఆఫీసర్లు) అనే పైలట్లు నిలబడి ప్రతి ల్యాండింగ్‌కీ మార్కులు వేస్తారు. ఓకే అయితే 4, ఫెయిర్ 3, ఓడ మీద కొక్కెం ఆపే తీగకి తగలకపోతే బోల్టర్ 2.5, నో గ్రేడ్ 2, వద్దు పొమ్మని తిప్పి పంపేస్తే 1, ప్రమాదకరంగా దిగితే సున్నా. చివరి మలుపు తిరిగి రెక్కలు సమం చేసినప్పటి నుంచి చక్రం తగిలేదాకా 15 నుంచి 18 సెకన్లు ఉండాలి. అంతకంటే తక్కువైతే సర్దుకునే టైము లేనట్టు, ఎక్కువైతే వెనకవాడి దారికి అడ్డం.

ఇక్కడ ఆ నాయిస్ జోన్లో ఇల్లు కొనాలన్నా, అద్దెకి దిగాలన్నా ముందే ఆ సంగతి కాగితం మీద చెప్పాలి.

గాజువాక_గూగుల్
అమ్మో మార్కులా. పైలట్ అయ్యాక కూడా స్లిప్ టెస్టులా.

వర్జీనియాబీచ్_తెలుగు
స్లిప్ టెస్టు నయం, చూసేది టీచర్ ఒక్కరే. ఇవి స్క్వాడ్రన్ గోడ మీద అందరికీ కనిపించేలా చార్టు వేసి పెడతారు. స్క్వాడ్రన్ కమాండరుకైనా మినహాయింపు లేదు.

సిమ్_సుబ్బడు
ఇదంతా సిమ్యులేటర్‌లో చేసుకోవచ్చు కదా? ఇప్పుడు గ్రాఫిక్స్ ఎంత బాగున్నాయి. ఇంధనం మిగులు, మనకి నిద్ర మిగులు. పాతకాలం పద్ధతులు పట్టుకుని వేలాడుతున్నారు.

తోకరెక్క
సగం ఒప్పుకుంటాను. ఇంజిన్ మంటలు, హైడ్రాలిక్ పోవడం, గేర్‌బాక్సులో నూనె పోవడం, ఇవి గాల్లో నిజంగా చేసి చూపించలేరు. వాటికి సిమ్యులేటరే దిక్కు. పీ-8ఐ లాంటి పెద్ద విమానంలో జలాంతర్గామిని వెతికే ఆపరేటర్ల పని కూడా చాలావరకు నేల మీదే నేర్పవచ్చు. అరక్కోణం రాజాలిలో అందుకే ప్రత్యేకంగా ట్రైనింగ్ సెంటర్ కట్టారు.

సిమ్యులేటర్‌కి చేతకానిది ఒకటుంది, చెవి లోపలి ద్రవాన్ని మోసం చేయడం. చంద్రుడు లేని రాత్రి సముద్రం మీద ఆకాశానికీ నీళ్లకీ మధ్య గీత కనపడదు. జాలరి పడవల దీపాలు చుక్కల్లా ఉంటాయి. ఒంటికి తెలిసేది ఒకటి, మీటరు చూపించేది ఇంకోటి. ఒంటి మాట వినకుండా మీటరు మాట వినడం నిజమైన గాల్లోనే అలవాటవుతుంది. బాక్సులో కూర్చున్నవాడికి పడిపోమన్న సంగతి తెలుసు.

నట్టు_బోల్టు
ఇంకోటి మర్చిపోతున్నారు సుబ్బడు గారూ. సిమ్యులేటర్‌లో మెకానిక్కు ఉండడు. ఇంధనం నింపేవాడు, చక్రాల కింద చెక్కలు తీసేవాడు, టవర్‌లో కంట్రోలరు, ఫైర్ టెండర్‌లో డ్రైవరు, వీళ్లందరికీ కూడా చేతులు ఆడాలి. నేల మీద రాత్రిపూట వెలుతుర్లో ఒక లాక్ పిన్ మర్చిపోయేవాడు, ఊగే డెక్ మీద ఎర్రలైటు వెలుగులో ఇంకెన్ని మర్చిపోతాడు?

సిమ్_సుబ్బడు
సరే ఆ పాయింటు తీసుకున్నా. గ్రాఫిక్స్ మాట మాత్రం వదలను.

కంచరపాలెం_కవి
ఒక్క చోటే నిలబడే హెలికాప్టర్ సంగతి ఎవరూ చెప్పలేదు. అదేం తపస్సు?

నట్టు_బోల్టు
అది చెకప్. ఓడ తిరిగి వచ్చాక అసలు పని హ్యాంగర్‌లో మొదలవుతుంది. ప్యానెళ్లు విప్పి చూస్తారు, రోటర్ హెడ్‌లో బేరింగులు మారుస్తారు, రెక్క ఒకటి మార్చొచ్చు. రెక్క మార్చాక నేరుగా పనికి పంపరు. ముందు నేల మీద తిప్పుతారు, తర్వాత కొన్ని అడుగుల ఎత్తున నిలబెడతారు, తర్వాత ముందుకి వేర్వేరు వేగాల్లో నడుపుతారు. ప్రతిచోటా వైబ్రేషన్ కొలుస్తారు. రెక్కలన్నీ ఒకే దారిలో తిరగాలి. ఒకటి పైనా ఒకటి కిందా తిరిగితే నిలువు కుదుపు, బరువు తేడా ఉంటే పక్క కుదుపు.

నిలబడినప్పుడు తేడా ఉంటే పిచ్ లింక్ (రెక్క కోణం మార్చే కడ్డీ) పొడవు కొంచెం మారుస్తారు. వేగంలో మాత్రమే తేడా వస్తే రెక్క వెనకంచున ఉండే ట్యాబ్ కొంచెం వంచుతారు. పక్క కుదుపుకి చిన్న బరువులు కలుపుతారు. ఒకటి సరిచేస్తే ఇంకోటి కదులుతుంది, కాబట్టి దింపడం, సరిచేయడం, మళ్లీ లేపడం. కామోవ్‌కి పైన మూడు కింద మూడు, మొత్తం ఆరు రెక్కలు. ఒక్కోసారి పూట పూటంతా అదే పని. మీరు కింద నుంచి చూసే తపస్సు అదే. లోపల పైలట్‌కి అది మహా బోరు. కానీ ఆ చెక్ చేయడానికి అందరు పైలట్లూ పనికిరారు, దానికి వేరే అర్హత కావాలి. పగలే చేయాలి, వాతావరణం బాగుండాలి, అవసరమైనవాళ్లు తప్ప లోపల ఇంకెవరూ ఉండకూడదు.

ఉప్పుగాలి
నట్టు_బోల్టు గారు తుప్పు సంగతి వదిలేశారు. నా దృష్టిలో ఓడల విమానాలకి శత్రువంటే ముందు అదే, జలాంతర్గామి తర్వాత.

హెలికాప్టరు నీళ్లకి దగ్గరగా నిలబడితే రోటర్ గాలికి ఉప్పునీళ్లు తుంపరగా లేచి మొత్తం ఒంటికి పడతాయి. ఇంజిన్ ఆ గాలినే మింగుతుంది. కంప్రెసర్ రెక్కల మీద ఉప్పు పొర కడుతుంది, పవర్ తగ్గుతుంది, టెంపరేచర్ పెరుగుతుంది. అందుకని ఇంజిన్ చల్లారాక, మండించకుండా స్టార్టర్‌తో తిప్పుతూ లోపలికి మినరల్స్ తీసేసిన నీళ్లు కొడతారు. మామూలు కుళాయి నీళ్లు పోస్తే అందులో ఉన్న లవణాలు కొత్తగా అంటుకుంటాయి. స్టార్టర్‌ని ఏకధాటిగా తిప్పకూడదు, కాలిపోతుంది, మధ్యలో చల్లారనివ్వాలి. తర్వాత నీళ్లన్నీ కారిపోనిచ్చి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఆరబెట్టాలి. ఆరబెట్టకుండా వదిలేస్తే కడగకపోవడమే నయం.

ఒళ్లు కడగడం వేరే. వేగం, ఎత్తు కొలిచే పిటాట్, స్టాటిక్ రంధ్రాలు ముందు మూయాలి, కడిగాక తప్పనిసరిగా తీయాలి. 1996 అక్టోబర్ 2న పెరూలో ఏరోపెరూ 603 విమానాన్ని కడిగినవాళ్లు స్టాటిక్ రంధ్రాల మీద వేసిన టేపు తీయడం మర్చిపోయారు. ఎత్తు, వేగం అన్నీ తప్పు చూపించాయి, రాత్రిపూట సముద్రంలో పడింది, ఉన్న 70 మందీ పోయారు. అందుకే ఎగిరే ముందు పైలట్ చుట్టూ తిరిగి ఆ రంధ్రాలని కళ్లతో చూసుకోవాలి. కడిగితే గ్రీజు కూడా పోతుంది కాబట్టి మళ్లీ గ్రీజు పెట్టాలి. కింద ఉండే చిన్న డ్రెయిన్ రంధ్రాలు మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడాలి, లేకపోతే ఫ్లోర్ కింద నీళ్లు నిలిచి ఉప్పు అక్కడే గట్టిపడుతుంది.

గేర్‌బాక్సు తొడుగు చాలావాటికి మెగ్నీషియం మిశ్రమం. తేలిక, కానీ ఉప్పు సోకితే చాలా తొందరగా పోతుంది. పెయింటు మీద ఆవగింజంత బుడగ లేచిందంటే కింద తెల్ల పొడి మొదలైనట్టే. అది గీకి, కొలిచి, లోతు హద్దులో ఉంటే పూత పూసి వదులుతారు. హద్దు దాటితే గేర్‌బాక్సే మార్చాలి. ఓడ మీద ఉన్నప్పుడు ఈ పని సగం సగమే అవుతుంది, చోటుండదు. ఇంటికొచ్చాకే అసలు చూపు. విశాఖలో ఇంటికి రావడమంటే మళ్లీ ఉప్పుగాలిలోకే రావడం, అది వేరే విషయం.

షీలానగర్99
మా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రెండేళ్లకే ఎందుకు పోయిందో ఇప్పుడర్థమైంది.

ఉప్పుగాలి
దానికి మినరల్స్ లేని నీళ్లు అక్కర్లేదండీ, కుళాయి నీళ్లు చాలు.

వరంగల్_వాయువు
ఇంత పని మెకానిక్కులది అంటున్నరు. మరి పైలట్లు ఏం జేస్తరు? ఎగిరేది గంటేనాయె. మిగిలిన టైమంత చాయ్ తాగుడేనా?

బోల్టర్
గంట ఎగరడానికి పూట పోతుందన్నా. పొద్దున్నే వాతావరణం బ్రీఫింగ్. తర్వాత ఆ సార్టీ (ఒకసారి ఎగిరి రావడం) బ్రీఫింగ్, ఎవరు ఎక్కడ, ఎంత ఇంధనం దగ్గర వెనక్కి తిరగాలి, రేడియో పోతే ఏం చేయాలి, ఇంజిన్ పోతే ఎవరు ఏ స్విచ్ పట్టుకోవాలి. తర్వాత లాగ్ పుస్తకం చూసి ఆ విమానంలో ఏ లోపాలు వాయిదాలో ఉన్నాయో చదివి సంతకం. చుట్టూ తిరిగి చూడటం. ఎగరడం. దిగాక లోపాలు రాయడం. ఇక్కడ "వైబ్రేషన్ ఎక్కువగా ఉంది" అని రాస్తే మెకానిక్కు తలపట్టుకుంటాడు. ఏ వేగంలో, ఏ ఎత్తులో, మలుపులోనా సూటిగానా, నిలువా అడ్డమా అని రాయాలి. ఆ తర్వాత డీబ్రీఫ్, అది ఒక్కోసారి ఎగిరినదానికంటే ఎక్కువసేపు.

మిగిలిన టైములో పైలట్ అనేవాడు ఆఫీసరు కూడా. ఒకరికి ఫ్లైట్ సేఫ్టీ, ఒకరికి ఆపరేషన్స్, ఒకరికి ట్రైనింగ్ రికార్డులు, ఒకరికి స్పోర్ట్స్, ఒకరికి మెస్. సెయిలర్ల లీవులు, రిపోర్టులు, విచారణలు. వంతు వచ్చినప్పుడు డ్యూటీ ఆఫీసరు.

వర్జీనియాబీచ్_తెలుగు
ఇక్కడా అంతే. కొత్తగా వచ్చిన జూనియర్ పైలట్‌కి దొరికే ఉద్యోగాల్లో కాఫీ మెస్ ఆఫీసరు ఒకటి. డబ్బులు వసూలు చేయాలి, కాఫీపొడి అయిపోకూడదు. జోక్ చేయడం లేదు. కొంచెం సీనియారిటీ వస్తే షెడ్యూల్ రాసే పని. అది అన్నిటికంటే శాపం. రేపు ఎన్ని జెట్లు బాగుంటాయో మెయింటెనెన్స్‌వాళ్లు చెప్పాలి, ఎవరి ఏ అర్హత ఎప్పుడు పోతుందో చూడాలి, నిన్న రాత్రి ఆలస్యంగా దిగినవాణ్ణి పొద్దున్నే వేయకూడదు, 8 గంటల నిద్రకి వీలుండాలి, మందు తాగితే 12 గంటల దాకా బ్రీఫింగ్‌కి రాకూడదు. ఇవన్నీ కలిపి సాయంత్రానికి ఒక కాగితం తయారు చేస్తే కమాండింగ్ ఆఫీసరు సంతకం పెడతాడు. సంతకం పడ్డాక అది ఆర్డరు. పొద్దున్నే ఒక జెట్టు లీక్ అయితే మళ్లీ మొదటికి.

నేవల్‌కాలనీ_అక్క
ఆ కాగితం సాయంత్రం దాకా రాదు, అందుకే నేవీవాళ్ల ఇళ్లల్లో ఎవరినైనా "గురువారం భోజనానికి రండి" అని పిలిస్తే "చూద్దాం" అంటారు. పొగరనుకోకండి, నిజంగానే తెలీదు.

ఇంకోటి, హార్బర్‌లో ఓడుంటే మనిషి ఇంట్లో ఉంటాడనుకుంటారు అందరూ. ఆ టైములోనే కోర్సులన్నీ పెడతారు. సర్వైవల్ ట్రైనింగ్‌కి కొచ్చి, మెడికల్‌లో ఏదైనా తేడా వస్తే బెంగళూరు ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్, ఫైరింగ్ ప్రాక్టీసుకి ఇంకెక్కడికో. ఓడకి ఒక పేరు, తేదీ ఉంటాయి కాబట్టి పిల్లలకి చెప్పడం తేలిక. ఈ పదేసి రోజుల వెళ్లిరావడాలే పిల్లలకి అర్థం కావు.

గాజువాక_గూగుల్
కొచ్చిలో సర్వైవల్ అంటే నీళ్లలో ముంచుతారంట, నిజమేనా?

తోకరెక్క
నిజమే. హెలికాప్టర్లో ఇంజిన్లూ గేర్‌బాక్సూ నెత్తి మీదే, అంటే బరువంతా పైన. నీళ్లలో పడితే చాలాసార్లు వెంటనే బోర్లా తిరిగిపోతుంది. అందుకని హెలికాప్టర్ క్యాబిన్ నమూనాని క్రేన్‌కి కట్టి, లోపల మనుషుల్ని బెల్టులతో కూర్చోబెట్టి, నీళ్లలో దించి తలకిందులు చేస్తారు. మొదట వెలుతుర్లో, తర్వాత చీకట్లో.

వరస ఇది. పడేముందే ఒక చెయ్యి కిటికీ అంచునో తలుపు పిడినో పట్టుకోవాలి. తిరగడం పూర్తిగా ఆగేదాకా బెల్టు విప్పకూడదు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. కంగారులో ముందే బెల్టు విప్పితే నీళ్లు లోపల ఎటో తోసేస్తాయి, ఏది పైనో ఏది కిందో తెలీదు. ముక్కులోకి నీళ్లు పోతున్నా, ఆ పట్టుకున్న చెయ్యి వదలకుండా, రెండో చేత్తో బెల్టు విప్పి, పట్టుకున్న చెయ్యి ఎటుంటే అటే లాక్కుంటూ బయటికి. కాళ్లు తన్నకూడదు, వెనకవాడి మొహానికి తగులుతాయి. లైఫ్ జాకెట్ బయటికి వచ్చాకే ఊదాలి. లోపల ఊదితే తేలిపోయి పైనున్న నేలకి అతుక్కుపోతారు. అమెరికాలో ఈ నీటి ట్రైనింగు నాలుగేళ్లకోసారి మళ్లీ చేయాల్సిందే.

కంచరపాలెం_కవి
చదువుతుంటేనే ఊపిరాడలేదు.

కామోవ్_కాక
డెక్ సంగతి సగంలో వదిలేశాను, పూర్తి చేస్తా. రిఫిట్ అయిన ఓడ బయటికి రాగానే హెలికాప్టర్ పరిగెత్తుకుంటూ వెళ్లి దిగదు. ముందు డెక్‌ని పరీక్షిస్తారు. జారకుండా వేసిన గరుకు పెయింటు సరిగా ఉందా, చుట్టూ ఉండే వలలు బిగుతుగా ఉన్నాయా, మంటలార్పే ఫోమ్ వస్తోందా, రాత్రి లైట్లు, దిగే కోణం చూపించే లైటు సరైన డిగ్రీలో ఉందా, రంపంతో సహా రక్షణ సామాను ఉందా. గొలుసులతో హెలికాప్టర్‌ని కట్టే జట్టుకి కూడా రోటర్ తిరుగుతుండగా కిందకి పరిగెత్తి కట్టి రావడం ప్రాక్టీసు కావాలి.

తర్వాత ఎగరడం. ఓడ ఎంత ఊగొచ్చు, గాలి ఏ వైపు నుంచి ఎంత ఉండొచ్చు అని ఒక చార్టు ఉంటుంది, దానికి తగ్గట్టు కెప్టెన్ ఓడని తిప్పుతాడు. హెలికాప్టరు ఓడ వేగంతోనే పక్కన నడుస్తూ, ఊపు తగ్గే క్షణం కోసం చూస్తుంది. ఊపు ఎప్పుడూ ఒకేలా ఉండదు, కొన్ని పెద్దవి వచ్చాక కాసేపు మందగిస్తుంది. ఆ సందులో డెక్ మీదికి జరిగి దిగాలి. దిగాక గొలుసులు పడేదాకా కంట్రోల్స్ వదలకూడదు. డేగాలో నేల మీద గీసిన డెక్ మీద ఎంత ప్రాక్టీసు చేసినా, ఈ ఊపు కోసం ఆగడం మాత్రం అక్కడ రాదు. అందుకే ఓడ రెండు మూడు రోజులకి బయటికెళ్లినా పైలట్లందరూ ఆ డెక్ కోసం కొట్టుకుంటారు.

బోల్టర్
ఫైటర్లవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. హెలికాప్టర్‌కి ఏదో ఒక ఓడ దొరుకుతుంది. మిగ్-29కే ఫైటరు దిగాలంటే దేశం మొత్తానికి క్యారియర్లు విక్రమాదిత్య, విక్రాంత్ రెండే. అందుకే గోవాలోని నేవీ ఎయిర్ బేస్ హన్సాలో నేల మీదే 14 డిగ్రీల ర్యాంపు, ఆపే తీగలు కట్టారు. తేజస్ నేవీ వెర్షన్ 2019 సెప్టెంబర్ 13న మొదట తీగ పట్టింది అక్కడే, విక్రమాదిత్య మీద దిగింది 2020 జనవరి 11న.

పైలట్లున్నా విమానం లేకపోవడం ఇంకో బాధ. 2016 కాగ్ రిపోర్టులో మిగ్-29కే అందుబాటు 15.93 నుంచి 37.63 శాతం మధ్యే అని రాశారు. పది ఉంటే నాలుగు కూడా లేవని. అప్పుడు ఎగిరే గంటలు ముందు ఎవరికి ఇవ్వాలి? కొత్తవాడికిస్తే సీనియర్ కరెన్సీ పోతుంది, సీనియర్‌కిస్తే కొత్తవాడు కొత్తవాడిగానే ఉండిపోతాడు.

నట్టు_బోల్టు
విమానాలు తక్కువైతే ఇంకో దరిద్రం, ఒకదాంట్లోది పీకి ఇంకోదాంట్లో పెట్టడం. స్టోర్‌లో పార్టు ఉంటే ఒక్కసారి బిగిస్తే చాలు. పక్క విమానంలోంచి తెస్తే ముందు విప్పాలి, ఇందులో బిగించాలి, తర్వాత కొత్తది వచ్చాక అందులో బిగించాలి, రెండింటికీ టెస్టు. పని రెట్టింపు దాటుతుంది. విప్పేటప్పుడు కనెక్టర్ పిన్ వంగితే మంచి విమానం కూడా పడకేస్తుంది.

ఎన్ఏడీ_బండోడు
సరే, పనుందని ఒప్పుకుంటాను. నా స్లాటు ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. మూడు కిలోమీటర్ల రన్‌వే ఉంది కదా, ఓ పక్క వాళ్లు ఓ పక్క మనం తిరిగితే ఏటి?

తోకరెక్క
3,050 మీటర్లే, కానీ రన్‌వే నేవీది. మన టెర్మినల్ దాని మీద సివిల్ ఎన్‌క్లేవ్, అంటే అద్దెకున్నట్టు. పెద్ద చిక్కు వేగాల తేడా. హాక్ కుర్రాడు గుండ్రంగా తిరుగుతున్నప్పుడు ఎయిర్‌బస్ సూటిగా దిగడానికి వస్తే ఆ కుర్రాణ్ణి పక్కకి పంపాలి. ఎయిర్‌బస్ వెళ్లాక దాని రెక్కల వెనక గాలి సుడి తగ్గేదాకా తేలిక విమానాన్ని ఆపాలి. ఒక్క ఫ్లైటు దిగితే ట్రైనింగు సార్టీలో నాలుగైదు ల్యాండింగులు గల్లంతు. చుట్టూ కొండలు, పక్కకి తప్పించడానికి చోటు కూడా తక్కువ. అందుకే వేళలు పంచుకుంటారు. భోగాపురానికి సివిల్ ఫ్లైట్లు వెళ్లిపోతే ఈ గొడవ తగ్గుతుంది.

షీలానగర్99
అప్పుడు మన గొడవ భోగాపురం దూరం గురించి.

నేవల్‌కాలనీ_అక్క
మన వైపు నుంచి చేయాల్సింది కూడా ఉందండోయ్. ఎయిర్‌పోర్టు గోడ పక్కన కోడి వ్యర్థాలు పడేస్తుంటారు, గద్దలు గుంపులుగా దిగుతాయి. ఇంకో పక్క మేఘాద్రిగెడ్డ నీళ్లకి కొంగలు. హాక్‌కి ఉన్నది ఒకటే ఇంజిన్. గద్ద లోపలికి పోతే కుర్రాడికి మిగిలేది సీటుతో సహా బయటికి ఎగరగొట్టే హ్యాండిల్.

వరంగల్_వాయువు
డ్రోన్ ఎగరేస్తే పట్టుకుంటరా అక్కడ? మా తమ్ముడు విశాఖల పెండ్లి వీడియో కోసం తీసుకపోతున్నడు.

తోకరెక్క
నేవీ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల దాకా నిషేధం, 2021లోనే ప్రకటించారు. ఎయిర్‌పోర్టు నిబంధనలు దానికి అదనం. ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ కళ్యాణమండపం ఏ జోన్లో ఉందో ముందు చూసుకోమనండి. ఎర్ర జోన్లో పడితే డ్రోన్ ఇంట్లోనే వదిలేసి రమ్మనండి.

వరంగల్_వాయువు
మండపం గోపాలపట్నంలనే.

తోకరెక్క
అయితే నిచ్చెన తెచ్చుకోమను.